మక్కల రోడ్డు మీద మా వదిన

మా వదిన నోరు ఊరుకోదు. ఈ మాట నేను పెళ్లయిన కొత్తలో ఎవరితోనో అంటే ఆమె చెవిన పడింది. దానికి ఆమె ఇప్పటికీ జవాబు చెబుతూనే ఉంది. వదిన అంటే మా ఆయన అక్క. వరంగల్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతలే ఆమె ఇల్లు. ఒకరి వంటకు ఒకరం వంకలు పెడుతూ, ఒకరి చీరలు ఒకరం కట్టుకుంటూ, పండుగకోసారి మాటలు మానేసి మర్నాడు పొద్దున్నే టీకి కలుస్తూ ఇద్దరం జుట్టు నెరిసేదాకా వచ్చాం. అలిగిన రోజు కూడా పిలిస్తే పలికేది. "ఆఁ, నీతోని మాట్లాడ, పో" అనేది. అంటే పలికినట్టే కదా.

ఇంత నోరున్న మనిషి ఒకసారి పలకలేదు. నా జబ్బంతా అక్కడి నుంచే వచ్చింది. ఆ సంగతి తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా రోజులు, బోలెడు బ్రెడ్డు, అంతకంటే ఎక్కువ ఉప్పు పట్టింది.

ఆమె కొడుక్కి పరకాల దగ్గర ఒక ఊళ్లో సంబంధం కుదిరింది. పిల్లకు పూలు పండ్లు పెట్టి, నిశ్చయం చేసుకుని తిరిగి వస్తున్నాం. మగవాళ్లు బైకుల మీద ముందే వెళ్లిపోయారు. మేమిద్దరం షేరింగ్ ఆటో ఎక్కాం. ముందు డ్రైవర్ పక్కన ఒక రైతు, మా కాళ్ల దగ్గర ఆ రైతు మిర్చి బస్తా. వెనక సీట్లో ఒక చివర వదిన, ఒడిలో లడ్డూల డబ్బా. మధ్యలో నేను. నాకు ఇటుపక్క ఎవరో పెద్దమనిషి, ఎక్కిన దగ్గర నుంచీ నిద్ర.

వదిన దారి పొడుగునా కాబోయే కోడలి జడ గురించే మాట్లాడింది. అంత జడ సొంతమై ఉండదని, సవరం పెట్టారని ఆమె అనుమానం.

"పెట్టుకుంటె పెట్టుకోనియ్యి. నీ కొడుకు నెత్తి మీద మాత్రం ఎన్ని వెంట్రుకలున్నయ్? వాళ్లు లెక్కవెట్టి పిల్లనిస్తున్నరా?" అన్నాను.

వదిన నా వైపు తిరిగి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా లారీ వచ్చింది.

అది యాసంగి పంట మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఇంటికొచ్చే కాలం. మా దిక్కు ఆ కాలంలో రోడ్డంటే సగం బండ్లకు, సగం మక్కలు ఎండబోసుకోవడానికి. డ్రైవర్ లారీని తప్పించబోయి మక్కల మీదికి ఎక్కించాడు. మక్క గింజల మీద చక్రం నిలుస్తుందా? ఆటో జర్రున జారి, ఒక చుట్టు తిరిగి, పక్కకు ఒరిగిపోయింది. మిర్చి బస్తా పగిలింది.

ఇక అందరం తుమ్ములే తుమ్ములు. డ్రైవర్ తుమ్మాడు, రైతు తుమ్మాడు, పెద్దమనిషి నిద్ర లేవకుండానే తుమ్మాడు. మక్కల ఆసామి ఉరికొచ్చి, "మక్కలల్ల మిరపకాయలు కలిపిండ్రు గదరా, ఇగ ఎవడు కొంటడు?" అని ఏడ్చాడు, ఏడుస్తూ తుమ్మాడు. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి "నీ పేరేందమ్మా" అని అడగబోయి తుమ్మింది. రోడ్డు మీద దొర్లుతున్న లడ్డూల కోసం వచ్చిన మేక కూడా తుమ్మింది.

మేక అబద్ధం. జమ్మికుంట నుంచి వచ్చిన చుట్టాల కోసం కలిపాను. వాళ్లకు అది బాగా నచ్చడంతో ఉంచేశాను.

మా దిక్కు ఎవరికైనా దెబ్బ తగిలితే అయినవాళ్లంతా వచ్చి చూసిపోవాలి. రాకపోతే జీవితాంతం మాట పడాలి. వచ్చినవాళ్లు బ్రెడ్డు, బత్తాయిలు తెస్తారు. తెచ్చినందుకు మనం జరిగిందంతా మొదటి నుంచి చెప్పాలి. వదినకు కాలు విరిగి లోపల రాడ్డు వేశారు, ఆమె దవాఖానలో పడుకుని ఉంది. నాకు మెడ పట్టింది, మోచేతులు గీరుకున్నాయి, అంతే. న్యాయంగా అందరూ ఆమె దగ్గరికే పోవాలి. కానీ కథ నా దగ్గర బాగుంటుందని పేరొచ్చింది. ఆమెను చూసి, నన్ను వినడానికి వచ్చేవాళ్లు. ఇంట్లో బ్రెడ్డు గుట్టలు పడింది. పొద్దున బ్రెడ్డు ఉప్మా, సాయంత్రం చక్కెర పాకంలో బ్రెడ్డు. "మనం మనుషులమా, బాతులమా?" అని మా ఆయన ఒకరోజు గిన్నె పక్కకు తోసి లేచిపోయాడు.

చెప్పగా చెప్పగా కథ నున్నగా తయారైంది. ఎక్కడ ఆగితే నవ్వుతారో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. అందులో ఒక్కచోట మాత్రం అతుకు ఉంది. ఆటో పడింది, అందరం తుమ్మాం. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నాళ్లకు చుట్టాలు తగ్గారు. నేను పెరిగాను. అంటే నా వేషాలు పెరిగాయి.

ఇంట్లో ఎవరిని పిలిచినా వెంటనే "ఆఁ" అనాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నా గుండె నోట్లోకి వచ్చేది. బాత్‌రూం తలుపు దబదబా బాదేదాన్ని. మా అత్తమ్మ జపం చేసుకుంటూ పలకకపోతే భుజాలు పట్టి కుదిపేశాను. పాపం, ఆమె దేవుడే వచ్చాడనుకుని కళ్లు తెరిచింది. నన్ను చూసి చాలా నిరాశపడింది.

అన్నిటికంటే కష్టం మా ఆయనతో. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు తువ్వాళ్లు నేసే మరమగ్గాలున్నాయి. అవి ఆడుతుంటే చెవి పక్కన అరిచినా వినపడదు. ఇన్నేళ్లూ మేం చేతులూపి, సైగలు చేసి సంసారం నడిపాం. ఇప్పుడు నాకు సైగ చాలదు, "ఆఁ" కావాలి. అందుకని పోయి మెయిన్ స్విచ్ కట్టేసేదాన్ని. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దంలో పిలిచేదాన్ని.

"ఆఁ! ఉన్ననే, ఈడనే ఉన్న! సచ్చిపోలే!" అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు. "ఇట్ల మాటికి బందు వెడితె బట్ట మీద గీత వడ్తది, ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

నిజంగానే ఆ నెల నేసిన తువ్వాళ్లన్నిటి మీదా అడ్డగీతలు పడ్డాయి. సరుకు కొనే సేటు విప్పి చూసి ఇదేంటని అడిగితే కొత్త డిజైన్ అని మా ఆయన బుకాయించాడట. సేటు ఇంకొన్ని అటువంటివే కావాలన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండోది మిరపకాయ. ఎర్ర కారం వాసన వస్తే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లముందు ఆటో కప్పు కనపడేది. గుర్తుకు రావడం వేరు. ఇది అక్కడే ఉన్నట్టు ఉండేది. కారం డబ్బా తీసి పక్కింట్లో ఇచ్చేశాను. పప్పులో పచ్చిమిర్చి, చారులో మిరియాలు, మామిడికాయ తొక్కు బంద్. తెలంగాణ ఇంట్లో ఎర్ర కారం లేకుండా వండటమంటే ఏమిటో తినేవాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఆటో ఎక్కడం కూడా మానేశాను. హనుమకొండకు నడిచే పోయేదాన్ని. పోయిన పని చెమట తుడుచుకోవడంతోనే అయిపోయేది. నిద్ర సరిగా లేదు, కోపం మాత్రం కావలసినంత.

ఇది జడుపు అని అత్తమ్మ తేల్చింది. పక్కనే దిష్టి కూడా ఉందని అనుమానపడింది. మరి దిష్టి దేనితో తీస్తారు? ఎండు మిరపకాయలు, ఉప్పు.

ఒక ఆదివారం నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, గుప్పిట నిండా ఎండు మిరపకాయలు పట్టుకుని చుట్టూ తిప్పి, బొగ్గుల కుంపట్లో పడేసింది. ఘాటు లేచింది. తర్వాత ఏమైందో నాకు సరిగా తెలియదు. తెలివి వచ్చేసరికి చెప్పులు లేకుండా గల్లీ చివర కిరాణా కొట్లో బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాను. కొట్టాయన గల్లా పెట్టె మీంచి వంగి చూసి, "ఏం గావాలె అక్కా?" అన్నాడు. పరువు పోకుండా "ఉప్పు ప్యాకెట్" అన్నాను.

ఇంటికి పోతే అత్తమ్మ పండగ చేసుకుంటోంది. "సూసినవా, ఎంత దిష్టి ఉన్నదో! ఘాటుకే ఉరికింది. ఇంక గట్టిగ తియ్యాలె" అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం దిష్టి, ప్రతి ఆదివారం నా పరుగు, ప్రతి ఆదివారం ఒక ఉప్పు ప్యాకెట్. నా అలికిడి వింటే చాలు, కొట్టాయన అడగకుండానే ఉప్పు తీసి పెట్టేవాడు.

ఇంత హడావుడిలో ఎవరూ గమనించనిది ఒకటుంది. నేను ఊళ్లో అందర్నీ పిలిచి "ఆఁ" అనిపించుకున్నాను కానీ వదినను పిలవలేదు. దవాఖానకు పోలేదు, ఇంటికొచ్చాకా పోలేదు. రెండు గల్లీలే. పొద్దున చీర కట్టుకుని గడప దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయేదాన్ని. వదినంటే నాకు ప్రాణం. అందుకే పోలేకపోయానని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. మెడ నొప్పి అని చెప్పేదాన్ని.

బదులుగా గిన్నెలు పంపాను. బచ్చలికూర పప్పు, గారెలు, సర్వపిండి, అన్నీ కారం లేనివే. మా ఆయన మోసుకుపోయేవాడు. మాలో గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే నాలుగు చక్కెర పలుకులైనా వేసి పంపుతారు. వదిన ఖాళీ గిన్నెలు పంపడం మొదలుపెట్టింది. కడిగి, తుడిచి, తళతళలాడుతూ ఖాళీగా. ఆ గిన్నె అడుగున నా ముఖం నాకే కనపడితే ఏడుపొచ్చేది.

ఒకరోజు గిన్నెతోపాటు మాట కూడా వచ్చింది. మా ఆయన తల దించుకుని అప్పజెప్పాడు: "శ్రావణంల పెండ్లి వెట్టుకున్నం. పసుపు దంచేనాటికి నా పక్కన రోకలి వట్టుకుని ఉంటె ఉన్నట్టు. లేదంటె ఇగ నాకు తమ్ముని పెండ్లాం లేదనుకుంట. దూరపోళ్లంత బ్రెడ్డు వట్టుకొచ్చి సూసిపోయిండ్రు. ఇది ఇంత దూరం రాకపాయె."

వదిన ఉత్తుత్తి అలకలు నాకు తెలుసు. ఇది ఆ బాపతు కాదు.

మర్నాడు మా ఆయన బీపీ చూపించుకుందామని నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. వదిన కాలు చూసే ఎముకల డాక్టర్ దగ్గర తన కారం కష్టాలన్నీ ఇంతకుముందే చెప్పుకున్నాడట. ఆయన పై అంతస్తుకు పంపమన్నాడట. మెట్లెక్కాక తలుపు మీద బోర్డు చదివాను.

"నాకు పిచ్చి లేసిందనుకున్నవా?"

"పిచ్చి గాదే. జర పోయి మాట్లాడు. ఇంక పచ్చిమిర్చి పప్పు నాతోని గాదు" అన్నాడు. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు. పప్పు గురించేనో కాదో నేను అడగలేదు.

లోపల మా ఇంట్లో కోడలుగా ఉండాల్సినంత వయసున్న అమ్మాయి. మందులు రాసే డాక్టర్ వేరే ఉన్నారని, తన పని మాట్లాడించడమని చెప్పింది. మాట్లాడటమే అయితే నన్ను చూసి నేర్చుకో అనుకుని, మొదటి నుంచి చివరిదాకా కథ వినిపించాను. మేకతో సహా. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని, "చాలా బాగా చెప్పారమ్మా" అంది. తర్వాత మెల్లగా, "ఆటో పడ్డాక, తుమ్ములు మొదలవకముందు ఏం జరిగింది?" అని అడిగింది.

"ఏం లేదు" అని చెప్పి మంచినీళ్లకని బయటికి వచ్చేశాను. వరండాలో రెండు గ్లాసులు తాగి మళ్లీ లోపలికి పోయాను.

ఆమె నా జబ్బుకు ఇంగ్లిషులో పెద్ద పేరు చెప్పింది. పెద్ద ప్రమాదమో, దెబ్బలో, కళ్లముందు చావో చూసినవాళ్లలో కొందరికి వస్తుందట. అందరికీ రాదట, వచ్చిందంటే ధైర్యం లేనట్టు కాదట. ప్రమాదం అయిపోయిందని తలకు తెలుసు కానీ ఒంటికి ఇంకా తెలియలేదంది. నాకు వెంటనే మా షెడ్డు గుర్తొచ్చింది. పొద్దంతా మగ్గాల దగ్గరుంటే, ఆపేశాక కూడా చాలాసేపు చెవుల్లో టకటక ఆడుతూనే ఉంటుంది. నాకు అది ఆగలేదన్నమాట. ఈ మాట చెబితే ఆ అమ్మాయి సరిగ్గా అలాగే అంది. నేను కాస్త పొంగిపోయాను.

ఇంట్లో అత్తమ్మకు ఆ పేరు నోరు తిరిగేలా లేదని "యాక్సిడెంట్ జడుపట" అని చెప్పాను. "నేను మొదట్నే చెప్పలేదా!" అని ఆమె గల్లీ అంతా తిరిగి వచ్చింది.

వైద్యం వినగానే నాకు ఒళ్లు మండింది. దేనికి భయపడుతున్నానో దాని దగ్గరికే కొంచెం కొంచెంగా పోవాలట. "మా అత్తమ్మ చేసింది కూడా ఇదే గద మేడం? ఆమెకు డిగ్రీ లేదు, అంతే" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, కాదంది. అత్తమ్మ చెప్పాపెట్టకుండా పొగ వేస్తే నేను పారిపోయాను. పారిపోయినప్పుడల్లా నా ఒళ్లు, ఉరికాను కాబట్టే బతికానని ఇంకా గట్టిగా నమ్మింది. ఇక్కడ ఎప్పుడు, ఎంత అనేది నేనే చెప్పాలి. మొదలుపెట్టాక మాత్రం భయం తనంతట తాను దిగేదాకా కదలకూడదు. అత్తమ్మ వైద్యంలో లోపం మిరపకాయది కాదు, నా కాళ్లదన్నమాట. ఈ మాట అత్తమ్మకు చెప్పలేదు, మళ్లీ కుంపటి ముట్టిస్తుంది.

పక్కింటి నుంచి కారం డబ్బా తిరిగి తెచ్చుకున్నాను. మొదట మూత పెట్టిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చోవడం. చూడవచ్చిన పక్కింటామె, "డబ్బా మళ్ల తీస్కుంటె తీస్కున్నవ్, నేను గుంజుకపోతనన్నట్టు అంత గట్టిగ పట్టుకుంటె నేను ఏమనుకోవాలె?" అని నొచ్చుకుంది. తర్వాత మూత తీసి. చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, కాళ్లు కిరాణా కొట్టు వైపు లాగాయి. కూర్చున్నాను. సీరియల్లో అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసి, మళ్లీ తెచ్చుకునేసరికి దడ కాస్త దిగింది. దిగుతుందని ఆ అమ్మాయి చెప్పినా అంతవరకూ నమ్మలేదు. దిగకముందే ఉరికేదాన్ని కదా.

ఎర్రగా పులుసు వండిన రోజు మా ఆయన ముక్కు తుడుచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాడు. అత్తమ్మ గిన్నె నాకింది.

ఆటో సంగతి ఇంకా తమాషా. మొదట నిలబడి ఉన్న ఆటోలో ఊరికే కూర్చోవాలి. చౌరస్తాలో ఒక ఆటో ఎక్కాను. "ఎక్కడికి పోవాలె?" అన్నాడు డ్రైవర్. "ఎక్కడికి లేదు. ఊకెనే కూసుంట" అన్నాను. అతను నన్ను కిందికీ మీదికీ చూసి, ఆర్టీఏ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చానేమోనని గబగబా కాగితాలన్నీ తీసి నా ఒళ్లో పెట్టాడు. వద్దంటే ఇంకా భయపడ్డాడు. చివరికి నా భయం సంగతి చెబితే తేలిగ్గా ఊపిరి తీసుకుని, తనకు బల్లి అంటే ఎంత భయమో చెప్పడం మొదలుపెట్టాడు. నా దడ ఎప్పుడు దిగిందో చూసుకోనే లేదు.

ఇవన్నీ చేస్తూనే, వారానికోసారి ఆ అమ్మాయి ముందు కళ్లు మూసుకుని ఆనాటి సంగతి చెప్పాలి. అయిపోయినట్టు కాదు, ఇప్పుడే జరుగుతున్నట్టు. దాన్ని ఫోన్లో రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే, ప్రవచనం వింటున్నానని అత్తమ్మ దూరం నుంచే దండం పెట్టేది.

మొదటి వారాలు ఎంత చెప్పినా మేక దగ్గరికే పోయేదాన్ని. ఆమె వినేది. "మేక సంగతికి తర్వాత వద్దాం అమ్మా. ఇప్పుడు వదిన గారి చెయ్యి ఎక్కడుంది?" అనేది. నాకు కోపం వచ్చేది. ఒకసారి ఆమెను తిట్టాను కూడా. ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. మళ్లీ అదే అడిగింది.

ఒకరోజు చెప్పాను. అక్కడ చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

ఆటో పక్కకు పడి ఉంది. వదిన కింద, నేను ఆమె మీద. కళ్లు తెరవలేకపోతున్నాను, తెరిస్తే మంట. నోట్లో దుమ్ము. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. "వదినా" అంటున్నాను. పలకడం లేదు. "వదినా, వదినా." పలకడం లేదు. చెయ్యి పిసుకుతున్నాను, తిరిగి పిసకడం లేదు. నా మీద ఎవరో తుమ్ముతున్నారు. పోయింది అనుకుంటున్నాను. నా వదిన పోయింది, నేను ఆమె మీద ఉన్నాను. ఎవరో నా కాళ్లు పట్టి లాగుతున్నారు. చెయ్యి వదలనంటున్నాను. నా వేళ్లు విప్పుతున్నారు. ఆమె మట్టి గాజులు నా గుప్పిట్లో చిట్లుతున్నాయి.

తర్వాత ఆమె మూలిగిందట. అప్పటికి నన్ను మక్కల మీదికి లాగేశారు. ఆమె బతికే ఉందని నాకు దవాఖానలో చెప్పారు. తల నమ్మింది.

ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. ఆ అమ్మాయి ఊరుకోమనలేదు. ఆ రికార్డు ఇంట్లో విన్నాను. మొదటిసారి సగంలో ఆపేశాను. వినగా వినగా ఒకరోజు, అది ఫోన్లోంచి వస్తోందని, నేను మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నానని తెలిసింది. అప్పుడే కుక్కర్ కూత వేస్తే లేచిపోయి పొయ్యి ఆపి వచ్చాను.

ఇంక మిగిలింది ఒక్కటే. "అన్నిటికంటే పైమెట్టు ఏది?" అని ఆ అమ్మాయి మొదట్లోనే అడిగితే లారీలని, రోడ్డని ఏదేదో చెప్పాను. ఇప్పుడు అడగకుండానే చెప్పాను: వదినను పిలవాలి.

పసుపు దంచడానికి ముందు రోజు మధ్యాహ్నం, గిన్నె నిండా ఎర్రటి చేపల పులుసు పట్టుకుని వెళ్లాను. రెండు గల్లీలు నడవడానికి హనుమకొండకు పోయినంత సేపు పట్టింది. తలుపు తీసే ఉంది. వాకిట్లో రోలు కడిగి బోర్లించి ఉంది. లోపలి గది తలుపుకు పరదా.

"వదినా."

పలకలేదు.

పరదా కింద ఆమె కాలు కనపడుతోంది, పక్కనే చేతికర్ర. ఆమె లోపలే ఉంది. కావాలనే పలకడం లేదు. పెళ్లయినప్పటి నుంచీ ఎంత అలిగినా పలికిన మనిషి, నాకు జబ్బు చేసిన ఆ ఒక్క పనినే ఎంచుకుని మరీ చేస్తోంది. చెమటలు పట్టాయి. నోట్లో దుమ్ము తగిలింది. కాళ్లు మెల్లగా వెనక్కి లాగాయి. ఈ గల్లీ చివర కూడా ఒక కిరాణా కొట్టుంది.

కదల్లేదు. రోలు పక్కన నిలబడ్డాను. పరదా కింద కాలు వేళ్లు ఆడుతున్నాయి. ఆడుతున్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గట్టిగానే చెప్పుకున్నాను.

"వదినా, నువ్వు పలకకపోయినా సరే, నేను చెప్పేది చెప్తా" అని, నిలబడే ఉండి అంతా చెప్పాను. కళ్లు మూసుకోలేదు. మేకను కలపలేదు. గాజుల దాకా చెప్పాను. "పోయినవనుకున్న వదినా. నిన్ను సూస్తె మళ్ల అదే యాదికొస్తదని రాలే. పిలిస్తె మళ్ల పలకవేమోనని పిలువలే."

చేతికర్ర టకటకమంది. పరదా తొలిగింది. వదిన చిక్కిపోయింది, జుట్టు ఇంకా నెరిసింది. కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం పాతదే.

"పలకలేదంట, పలకలేదు! నువ్వు కూసున్నదే నా రొమ్ము మీద! ఊపిరాడితె గద పలుకుడు! పెండ్లయినకాడికెల్లి చెప్తనే ఉన్న, అన్నం జర తగ్గియ్యవే అని."

నేను గిన్నెతో సహా ఆమె ముందుకు పోయాను.

"ఇనపడ్డదా నీకు? నేను పిలిచింది?"

"ఎందుకినవడదు? చెవులు మూసుకపోయినయా? నడుమ నడుమ తెలివి తప్పుతాంది. నువ్వు పిలిస్తె మళ్ల వస్తాంది. ఇది పిలుసుడు ఆపిందంటె నేను పోయినట్టే అనుకున్న. ఆపకే తల్లీ, ఆపకే అని మనసుల మొక్కుతనే ఉన్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్ను గుంజుకపోయినంక సప్పుడు లేదు. అప్పుడు భయమైంది నాకు. అందుకే ఎట్లనో మూలిగిన. నీకు ఇనవడాలెనని."

నాకు వినపడలేదు. ఈ మాట ఆమెకు చెప్పాను. ఇద్దరం వాకిట్లోనే ఏడ్చాం. రోలు మీద కూర్చుని ఆమె, గిన్నె పట్టుకుని నేను. పులుసు ఘాటుకు ఇద్దరం తుమ్మాం కూడా. ఇది నిజం.

"అయినా నేను గట్ల ఎట్ల పోత?" అంది వదిన చివరికి, నా చేతిలోంచి గిన్నె తీసుకుంటూ. "నా కొడుకు నెత్తి మీద వెంట్రుకలు లేవన్నవ్. దానికి జవాబు చెప్పకుంట పోతనా? ఇన్ని నెలల నుంచి నోట్లనే పెట్టుకుని తిరుగుతాన్న."

చెప్పమన్నాను. చెప్పింది. ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

పులుసు వంపుకోవడానికి ఆమె కర్ర పొడుచుకుంటూ లోపలికి పోయింది. పరదా పడింది. కాసేపు గిన్నెల చప్పుడు వినపడి ఆగిపోయింది. నేను వాకిట్లో ఒక్కదాన్నే ఉన్నాను.

"వదినా!"

"ఆఁ?" అంది వెంటనే. "ఏందే?"

"ఏం లేదు. ఊకెనే పిలిచిన."